ఫ్యాన్ తిరుగుతోంది, బొమ్మ రావట్లేదు

ఎండలు ముదిరి సాయంత్రం పూట గాలివానలు మొదలయ్యాయంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. అప్పటిదాకా ‘విండోస్ స్లో అయింది’, ‘ప్రింటర్ కాగితం లాగట్లేదు’ అని రాసేవాళ్లు కాస్తా ‘పిడుగు పడింది సార్, కంప్యూటర్ పోయింది’ అంటారు. రాజమండ్రిలో నా సర్వీసింగ్ టేబుల్ మీదకి ఈ రోజుల్లో వచ్చేవీ ఎక్కువ ఇవే. అందుకని ఈసారి అన్నీ ఆ బాపతు ఉత్తరాలే ఏరి పెట్టాను. మొదటి జవాబు కాస్త పొడుగు. మిగతావాళ్లకీ అందులో పనికొచ్చేవి ఉన్నాయి, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: నమస్కారం సార్. పాలకొల్లు దగ్గర మాకు జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ ఉంది. మొన్న గాలివానకి షాపు వెనక కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. కరెంటు రాత్రి పొద్దుపోయాక గానీ రాలేదు. తెల్లారి ఆన్ చేస్తే సీపీయూలో ఫ్యాన్ తిరుగుతోంది, ముందు లైటు వెలుగుతోంది, మానిటర్లో మాత్రం ఏమీ లేదు. ఒకతన్ని పిలిస్తే అలా చూసి ‘మదర్‌బోర్డు పోయింది, ఎనిమిది వేలు అవుతుంది’ అన్నాడు. పిల్లల అప్లికేషన్లు, స్కాన్ చేసిన సర్టిఫికెట్లు అన్నీ అందులోనే ఉన్నాయి. ఒకటే టెన్షన్‌గా ఉంది. నిజంగా బోర్డే పోయిందంటారా?
— జిరాక్స్ సెంటర్ నడుపుతున్న పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ టెన్షన్ సంగతి. మీరు స్కాన్ చేసినవన్నీ ఉండేది హార్డ్ డిస్కులో, మదర్‌బోర్డులో కాదు. బోర్డు నిజంగానే కాలిపోయినా డిస్కు బాగానే ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని విప్పి, బజారులో దొరికే సాటా–యూఎస్‌బీ కన్వర్టర్‌తో వేరే కంప్యూటర్‌కి తగిలిస్తే ఫైళ్లు కనిపిస్తాయి. మీది పెద్ద సైజు డిస్కయితే విడిగా అడాప్టరు ఉన్న కన్వర్టర్ అడగండి, ఉత్త యూఎస్‌బీ కరెంటు దానికి చాలదు. సిస్టమ్ ఎవరికి రిపేరుకిచ్చినా డిస్కు మాత్రం విప్పి మీ దగ్గరే ఉంచుకోండి. బొమ్మ వస్తోందో లేదో చూడటానికి డిస్కుతో పని లేదు.

ఇక వచ్చినతను వోల్టులు కొలిచే మల్టీమీటరు పెట్టి చూశాడా? వేరే ఎస్‌ఎంపీఎస్ (సీపీయూ లోపల అన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా) తగిలించి చూశాడా? ఈ రెండూ చెయ్యకుండా బోర్డు పోయిందంటే అది ఊహే. ఒక్కోసారి నిజం అవుతుంది కూడా. కానీ ఎనిమిది వేలు ఊహ మీద పెట్టక్కర్లేదు. చాలావరకు మీరే చూసుకోవచ్చు, స్క్రూడ్రైవర్, రబ్బరు, టార్చి ఉంటే చాలు.

మొదట మానిటరు సంగతి తేల్చండి. దానికి లైటు వస్తోందా? కొన్ని మానిటర్లకి ల్యాప్‌టాప్‌కి ఉన్నట్టు బయట నల్ల అడాప్టరు ఉంటుంది. లైటే లేకపోతే అది పోయి ఉండొచ్చు, మానిటరు మొత్తం మార్చక్కర్లేదు. లైటు వస్తుంటే, సీపీయూ నుంచి వచ్చే కేబుల్‌ని మానిటరు దగ్గర పీకి చూడండి. తెర మీద ‘నో సిగ్నల్’ అనో ‘చెక్ కేబుల్’ అనో చిన్న పెట్టె వచ్చిందంటే మానిటరు బతికే ఉంది. అదీ రాకపోతే గదిలో లైట్లు ఆర్పి, మానిటరు ఆన్‌లో ఉండగానే తెర మీదకి టార్చి ఏటవాలుగా కొట్టండి. ఆ వెలుగులో అక్షరాలు మసగ్గా కనపడితే పోయింది వెనక వెలగాల్సిన బ్యాక్‌లైట్. ఇంకేమీ కాదు.

మానిటరు బాగుందని తేలితే కేబుల్ మళ్లీ పెట్టి, సీపీయూ ఆన్ చేసి ఒక నిమిషం ఆగి కీబోర్డు మీద నమ్‌లాక్ నొక్కండి. నొక్కినప్పుడల్లా దాని లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటే లోపల కంప్యూటర్ నడుస్తోంది, బొమ్మ ఒక్కటే బయటికి రావట్లేదు. వెనక రెండు రకాల పోర్టులు ఉంటాయి, నీలం రంగు వీజీఏ, పక్కన హెచ్‌డీఎంఐ. ఒకదాంట్లో రాకపోతే రెండోదాంట్లో పెట్టి చూడండి. మీ షాపులో హెచ్‌డీఎంఐ వైరు గనక ఎప్పుడైనా టీవీకి, సెట్‌టాప్ బాక్సుకి తగిలించే అలవాటుంటే ఆ పోర్టు మీద అనుమానం ఇంకా పెరుగుతుంది. డాబా మీద నుంచి దిగే కేబుల్ వైరు గుండా వచ్చిన దెబ్బ అక్కడే తగులుతుంది.

నమ్‌లాక్ లైటు ఉలకకపోతే అప్పుడు సీపీయూ లోపలికి వెళ్దాం. స్విచ్ ఆపడం కాదు, గోడ దగ్గర ప్లగ్గే పీకెయ్యండి. పీకాక ముందున్న పవర్ బటన్ ముప్పై సెకన్లు అదిమి పట్టుకోండి, ఒక పావుగంట అలా వదిలెయ్యండి. కరెంటు ఉన్నట్టుండి ఎగసినప్పుడు కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు తమని తాము కాపాడుకోవడానికి బిగుసుకుపోతాయి. ప్లగ్గు పెట్టి ఉన్నంతసేపూ ఆ బిగింపు వదలదు. ఈ ఒక్క పనితో లేచి కూర్చునే సిస్టమ్‌లూ ఉన్నాయి. మా దగ్గరికి ఆటోలో వచ్చిన సీపీయూ టేబుల్ మీద పెట్టగానే మామూలుగా పనిచేస్తే, యజమాని ‘ఇంట్లో రాలేదండీ, ఒట్టు’ అనడం మామూలే. దారిలో ప్లగ్గు లేకుండా గడిపిన సేపే దానికి వైద్యం.

తర్వాత ర్యామ్. పక్క డోర్ విప్పి, ముందు క్యాబినెట్ ఇనుపరేకుని చేత్తో తాకండి, ఒంట్లో ఉన్న స్టాటిక్ పోతుంది. ప్రాసెసర్ ఫ్యాన్ పక్కన నిలువుగా గుచ్చి ఉన్న పచ్చ పట్టీయే ర్యామ్. రెండు చివరలా ఉన్న తెల్ల క్లిప్పుల్ని బయటికి వంచితే పైకి లేస్తుంది. అడుగున బంగారు రంగు పళ్ల వరస ఉంటుంది చూడండి, దాన్ని వెలుగులో కాస్త వంచి చూస్తే మన గోదావరి జిల్లాల గాలికి పట్టిన మసక తెలుస్తుంది. పిల్లలు పెన్సిల్ గీతలు చెరుపుకునే మెత్తటి రబ్బరుతో ఒకే దిక్కుగా, రెండు వైపులా రుద్దండి. రబ్బరు పొట్టు స్లాట్‌లో పడకుండా దూరంగా పట్టుకుని రుద్దాలి. తర్వాత పొడిబట్టతో తుడిచి, స్లాట్‌లో దుమ్ము బ్రష్‌తో దులిపి, పట్టీ మధ్యలో ఉన్న గాడి చూసుకుని పెట్టండి. రెండు వైపులా ‘టక్’ మని క్లిప్పు పడాలి. ఒకవైపు పడి ఒకవైపు పడకపోయినా ఫ్యాన్ తిరుగుతుంది, బొమ్మ రాదు. రెండు పట్టీలుంటే ఒక్కటే పెట్టి చూడండి, తర్వాత రెండోది ఒక్కటే.

బోర్డు మీద పావలా బిళ్లలాంటి బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032 అని రాసి ఉంటుంది. ప్లగ్గు తీసి ఉండగానే దాన్ని ఓ ఐదు నిమిషాలు తీసి పెట్టండి. బయోస్ సెట్టింగులు, అంటే ఆన్ కాగానే బోర్డు చదువుకునేవి, చెదిరిపోయి ఉంటే మొదటికొస్తాయి. పాతదైతే కొత్తది వేసెయ్యండి, ఖర్చు పదుల్లోనే. ఇంకోటి, ప్రాసెసర్‌కి దగ్గర్లో నాలుగో ఎనిమిదో పిన్నులున్న విడి కనెక్టర్ ఉంటుంది. ప్రాసెసర్‌కి కరెంటు దాన్నించే వెళ్తుంది. అది వదులైనా అచ్చం మీరు రాసిన లక్షణమే, లైట్లూ ఫ్యాన్లూ సరే, బొమ్మ సున్నా.

ఇక్కడిదాకా మీ పని. ఎస్‌ఎంపీఎస్ మీటరున్న వాళ్లు చూడాల్సింది. ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి ఎస్‌ఎంపీఎస్ బాగుందని చాలామంది, కొందరు మెకానిక్కులతో సహా, తేల్చేస్తారు. ఫ్యాన్ తిరిగితే తెలిసేది 12 వోల్టుల లైను ఏదో ఉందని మాత్రమే. బోర్డుకి 5, 3.3 వోల్టులూ కావాలి. ఇవన్నీ కుదురుకున్నాక ఎస్‌ఎంపీఎస్ ‘నేను సిద్ధం’ అని బూడిద రంగు వైరు మీద ఒక 5 వోల్టుల సిగ్నల్ ఇస్తుంది. అది రాకపోతే ప్రాసెసర్ మొదలే కాదు. కాబట్టి సిస్టమ్ ఆన్‌లో ఉండగా మీటరు పెట్టించండి. పసుపు వైరులో 11.4 నుంచి 12.6, ఎరుపులో 4.75 నుంచి 5.25, నారింజలో 3.14 నుంచి 3.47 మధ్య ఉండాలి. అన్నీ నల్ల వైర్లే ఉన్న కొత్తరకం అయితే పిన్ను స్థానం బట్టి చూస్తారు. దీనికన్నా తేలికైన పరీక్ష, పనిచేస్తున్న వేరే ఎస్‌ఎంపీఎస్ తెచ్చి పెట్టి చూడటం. పది నిమిషాల పని. ఎవరైనా దీనికి బద్ధకిస్తే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం మీరు విప్పొద్దు. లోపలి కెపాసిటర్లలో మూడొందల వోల్టులకి పైగా డీసీ ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కాసేపు నిలిచే ఉంటుంది.

ఇప్పుడు మీ ఉత్తరంలో లేని సంగతి. నెట్ వైరు పెట్టే ఉందా? ఆన్‌లైన్ సెంటర్ కాబట్టి ఉండే ఉంటుంది. మన ఊళ్లలో నెట్ వాళ్లు వీధి స్తంభం నుంచి డాబా మీదుగా, ఒక్కోచోట అదే కొబ్బరిచెట్టుకి కట్టి, రాగి ల్యాన్ కేబుల్ లాగేస్తారు. దగ్గర్లో పిడుగు పడితే ఆ పొడవాటి రాగి తీగలో వోల్టేజి పుడుతుంది, తిన్నగా మీ బోర్డు వెనకున్న ల్యాన్ పోర్టులోకి దిగుతుంది. జనం కరెంటు ప్లగ్గు ఒక్కటే పీకుతారు, ఈ వైరుని మర్చిపోతారు. పిడుగు దెబ్బ తిన్న బోర్డుల్లో ముందుగా నేను చూసేది ల్యాన్ పోర్టు పక్కన ఉండే చిన్న నల్ల చిప్పు. దాని మీద సూదిమొనంత గుంట గానీ, ముట్టుకుంటే చురుక్కుమనే వేడి గానీ ఉంటే దొంగ దొరికినట్టే. ఆ చిప్పు లోపల షార్టయి బోర్డు మొత్తాన్ని లేవనివ్వదు. చిప్ లెవెల్ పని తెలిసినవాళ్లు దాన్ని వేడిగాలితో ఊడదీస్తే చాలాసార్లు బోర్డు లేస్తుంది. నెట్‌కి ఒక యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ కొనుక్కుంటే సరి. మీ మెకానిక్‌ని ‘బోర్డు పోయింది’ దగ్గర ఆపి, ‘ల్యాన్ చిప్ చూశారా?’ అని అడగండి.

అన్నీ అయ్యి బోర్డే మార్చాలని తేలితే, అది హెచ్ 61, హెచ్ 81 రకం పాత బోర్డయితే ఎనిమిది వేలు ఎక్కువ. ప్రాసెసర్, ర్యామ్ అవే ఉంచి బోర్డు ఒక్కటే అంతకన్నా బాగా తక్కువలో దొరుకుతుంది. మీవాళ్లెవరైనా హైదరాబాద్ వెళ్తుంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో అడిగి రమ్మనండి. మార్చిన పాత బోర్డు మాత్రం అడిగి తీసుకోండి. అది మీ సొత్తు.

ప్రశ్న: అన్నా, శ్రీకాకుళంలో బీటెక్ చదువుతున్నాను. సొంతంగా అసెంబుల్ చేసుకున్న పీసీ. ఈదురుగాలికి కరెంటు పోతూ వస్తూ ఉంది, ఆ తర్వాత డిస్‌ప్లే లేదు. గ్రాఫిక్స్ కార్డు కాలిందేమోనని తీసేసి, హెచ్‌డీఎంఐ మదర్‌బోర్డుకి పెట్టాను, అయినా రాలేదు. బ్యాటరీ తీసి సీమాస్ (బయోస్ సెట్టింగులు) క్లియర్ చేశాను, అయినా బోర్డు మీద ర్యామ్ సంగతి చెప్పే డ్రామ్ లైటు వెలుగుతోంది. డీడీఆర్ 5 ర్యామ్, ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంది. ర్యామ్ కొత్తది కొననా?

జవాబు: ఆగు తమ్ముడూ, పర్సు లోపల పెట్టు. ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండదు. కార్డు తీసేసి బోర్డు పోర్టుకి వైరు పెడితే జన్మలో బొమ్మ రాదు. కాబట్టి ఆ పరీక్ష లెక్కలోకి రాదు. కార్డు మళ్లీ గుచ్చి, దాని మీద ఆరో ఎనిమిదో పిన్నుల పవర్ కనెక్టర్ ఉంటే గట్టిగా నొక్కి, హెచ్‌డీఎంఐ కార్డుకే పెట్టు.

డ్రామ్ లైటు సంగతి. సీమాస్ క్లియర్ చేశాక డీడీఆర్ 5 బోర్డు ర్యామ్‌ని మళ్లీ మొదట్నుంచీ కొలుచుకుంటుంది, దాన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. అది అయ్యేదాకా తెర నల్లగానే ఉంటుంది, డ్రామ్ లైటూ వెలుగుతూనే ఉంటుంది. నిమిషాలు పట్టొచ్చు. నువ్వు అర నిమిషానికోసారి బటన్ నొక్కి ఆపేస్తున్నావేమో, ఆపిన ప్రతిసారీ అది మళ్లీ మొదలుపెడుతుంది. ఒక్క ర్యామ్ పట్టీ, బోర్డు పుస్తకంలో చెప్పిన స్లాట్‌లో పెట్టి, ఆన్ చేసి, టీ తాగి రా. పదిహేను నిమిషాలకీ అదే లైటుంటే అప్పుడు రెండో పట్టీ, రెండో స్లాట్. హాస్టల్లో అదే ర్యామ్ ఉన్న దోస్తు లేకుండా ఉండడు, వాడిది ఒక గంట అడుక్కో. అప్పుడూ రాకపోతే ఎస్‌ఎంపీఎస్ మార్చి చూడు. కరెంటు వస్తూ పోతూ ఉన్నప్పుడు ముందు దెబ్బతినేది అదే. కొత్త ర్యామ్ కొనడం అన్నిటికన్నా చివరి మాట.

విండోస్ 11 అయితే, డిస్కు వేరే సిస్టమ్‌కి తగిలించే పరిస్థితి వస్తే 48 అంకెల బిట్‌లాకర్ కీ (డిస్కుకి విండోస్ వేసే తాళం తీసే నంబరు) అడగొచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఫోన్లో లాగిన్ అయి ఇప్పుడే రాసి పెట్టుకో.

ప్రశ్న: అయ్యా, నేను రిటైర్డ్ టీచర్ని, తెనాలి. గాలివాన వెలిశాక కరెంటు వచ్చింది. రాగానే బల్బులు కళ్లు జిగేల్‌మనేలా వెలిగాయి, ఫ్యాను విపరీతమైన స్పీడుతో తిరిగింది. మెయిన్ ఆపేలోగా టీవీ, కంప్యూటర్ రెండూ పోయాయి. కంప్యూటర్లోంచి ‘ఠప్’ మని చప్పుడు, కాలిన వాసన. పిడుగు మా ఇంటి మీద పడలేదు. ఇదెలా జరిగింది? స్టెబిలైజర్ పెట్టించమంటారా?

జవాబు: మాస్టారూ, మీరు రాసింది చదివితేనే తెలిసిపోయింది, ఇది పిడుగు పని కాదు. న్యూట్రల్ తెగింది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు ఫేజులు వస్తాయి, ఒక్కో ఇంటికి ఒక్కో ఫేజు, అందరికీ కలిపి ఒకటే న్యూట్రల్. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు, రెండు ఫేజుల మధ్య 400. కొమ్మ పడి స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే మీ ఇల్లూ, వేరే ఫేజు మీదున్న పక్కిల్లూ ఒకే వరసలో ఆ 400 వోల్టులకి తగులుకున్నట్టవుతుంది. అప్పుడు వోల్టేజి సమానంగా పంచుకోదు. పక్కింట్లో ఏసీ, గీజరు నడుస్తూ మీ ఇంట్లో రెండు బల్బులే ఉంటే ఎక్కువ వాటా మీ వైపే వస్తుంది. తక్కువ వాడుకునే ఇంటికే దెబ్బ.

ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటు వచ్చే దారిలో ఒక గుండ్రటి బిళ్ల ఉంటుంది, ఎంఓవీ అంటారు, దాని పక్కనే ఫ్యూజు. వోల్టేజి హద్దు దాటగానే ఆ బిళ్ల అడ్డంగా షార్టయి ఫ్యూజుని కొట్టేస్తుంది. మీరు విన్న ఠప్ అదే కావచ్చు. లేదా కెపాసిటర్ పేలి ఉండొచ్చు. అవి 400, 450 వోల్టులకి చేసినవి, బయట 400 వస్తే వాటి మీద 560 దాటుతుంది. ఏదైనా సరే, ఎస్‌ఎంపీఎస్ పోయింది. దాని వెనకున్న బోర్డు మాత్రం చాలాసార్లు క్షేమంగా ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్‌ని రిపేరు చేయించొద్దు, కొత్తది వేయించండి. అది కూడా కాస్త బరువున్నది. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే తేలిక డబ్బాల్లో చాలావాటికి ఆ బిళ్ల ఉండాల్సిన చోట ఖాళీయే.

కంప్యూటర్‌కి స్టెబిలైజర్ అక్కర్లేదు. మంచి ఎస్‌ఎంపీఎస్ హెచ్చుతగ్గుల్ని తనే సర్దుకుంటుంది. మీక్కావలసింది ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్. మెయిన్ దగ్గరి ఎంసీబీ స్విచ్ పక్కనే బిగిస్తారు, వోల్టేజి హద్దు దాటితే ఇల్లు మొత్తానికి కరెంటు తీసేస్తుంది, మామూలయ్యాక కాసేపు ఆగి ఇస్తుంది. ఒక స్మార్ట్ ఫోన్ ఖర్చులో చిన్న వంతు. లైన్‌మన్‌కి చెప్పి స్తంభం దగ్గర, ఎలక్ట్రీషియన్‌తో మీ మీటరు బోర్డులో న్యూట్రల్ జాయింట్లు రెండూ చూపించండి. ఎలక్ట్రీషియన్ ఎలాగూ వస్తాడు కాబట్టి ఎర్త్ కూడా చూడమనండి. మీటరు పెడితే ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య ఇంచుమించు 230 రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకి మించొద్దు. ఇల్లు కట్టినప్పుడు బొగ్గు, ఉప్పు వేసి పాతిన పైపు వేసవిలో ఎండిపోతుంది. దాని నోట్లో అప్పుడప్పుడు రెండు బిందెల నీళ్లు పోయించండి.

ఇకముందు కరెంటు అలా మెరిస్తే వస్తువుల స్విచ్‌లు ఒక్కోటీ వెతుక్కోవద్దు, తిన్నగా మెయిన్ దింపండి. మీరు చేసింది సరైన పనే.

ప్రశ్న: భీమిలిలో ఉంటాం. తుపాను రాత్రి కిటికీ రెక్క ఊడిపోయి జల్లు మొత్తం సీపీయూ మీద పడింది. ఇంకా ఆన్ చెయ్యలేదు. మా మావయ్య బియ్యం బస్తాలో పెట్టమంటున్నారు.

జవాబు: ఆన్ చెయ్యకపోవడం మీరు చేసిన గొప్ప పని. బియ్యం వండుకోండి. దాని పొడి స్లాట్లలో దూరడం తప్ప ఉపయోగం లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో వాన పైనుంచి కాదు, అడ్డంగా కొట్టింది, అద్దాలు పగిలి ఇళ్లలోకి, ఆఫీసుల్లోకి వచ్చిపడింది. అలా తడిసిన సీపీయూల్లో కరెంటు లేక రోజుల తరబడి పక్కన పడి ఉన్నవి తర్వాత బాగానే పనిచేశాయి. జనరేటర్ పెట్టి మర్నాడే ఆన్ చేసినవే ఎక్కువ కాలాయి.

సముద్రం పక్కన కురిసే తుపాను జల్లులో ఉప్పు ఉంటుంది, ఆరిపోయినా అది పోదు, రాగిని తినేస్తుంది. అందుకని ఆరబెట్టడంతో సరిపోదు. ప్లగ్గు పీకి, ముందు బోర్డు మీది బిళ్ల బ్యాటరీ తీసెయ్యండి, సిస్టమ్ ఆపి ఉన్నా ఆ బ్యాటరీ కరెంటు బోర్డులో పారుతూనే ఉంటుంది. ర్యామ్, డిస్కు తీసి విడిగా పెట్టండి. ఎలక్ట్రానిక్ విడిభాగాల షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది, మెత్తటి బ్రష్‌తో బోర్డు రెండు వైపులా తుడిపించండి. దగ్గర్లో దీపం, అగరొత్తి ఉండకూడదు, కిటికీలు తెరిచి పెట్టాలి. తర్వాత ఫ్యాను గాలికి రెండు మూడు రోజులు. హెయిర్ డ్రయ్యర్ వద్దు, మిట్టమధ్యాహ్నం ఎండ వద్దు. తడిసిన ఎస్‌ఎంపీఎస్‌ని నమ్మకండి, మార్చెయ్యండి. హార్డ్ డిస్కు నీళ్లలో మునిగితే మాత్రం అస్సలు కరెంటు ఇవ్వొద్దు. దానికి గాలి పీల్చే చిన్న రంధ్రం ఉంటుంది, అందులోంచి నీళ్లు లోపలికి వెళ్లుంటాయి, డేటా కావాలంటే రికవరీ వాళ్ల దగ్గరికే. మీది జల్లే కాబట్టి అంతదాకా రాకపోవచ్చు.

ప్రశ్న: మా మెడికల్ షాపు కంప్యూటర్‌కి యూపీఎస్ ఉంది, స్పైక్ గార్డ్ ఉంది. అయినా ఉరుములప్పుడు ప్లగ్గు తియ్యాలా? (అమలాపురం)

జవాబు: తియ్యాలి. మామూలు 600 వీఏ యూపీఎస్ కరెంటు పోతే బిల్లు సేవ్ చేసుకునే టైమిస్తుంది, పిడుగుని ఆపదు. స్పైక్ గార్డ్ పేరుతో అమ్మే వాటిలో కొన్ని ఉత్త స్విచ్ బోర్డులే. నిజమైనదైనా ఎర్త్ సరిగ్గా లేని ఇంట్లో అది చేసేది తక్కువ. యూపీఎస్ ప్లగ్గు, నెట్ వైరు రెండూ పీకాలి. ఫైబర్ కనెక్షనే కదా అనుకోకండి. ఫైబర్‌లో కరెంటు పారదు, నిజమే, కానీ రూటరు అడాప్టరు గోడకే ఉంటుంది, రూటరు నుంచి కంప్యూటర్‌కి రాగి వైరే వస్తుంది.

ఎప్పుడు పీకాలన్నదే ముఖ్యం. నెత్తి మీద మెరుస్తుండగా వైర్లు ముట్టుకోవద్దు, వస్తువు కన్నా మనిషి ముఖ్యం. ఆకాశం నల్లబడి దూరంగా ఉరుము వినపడుతున్నప్పుడే, లేదా విపత్తుల సంస్థ నుంచి ఫోన్‌కి పిడుగుల మెసేజ్ వచ్చినప్పుడే తీసెయ్యండి. దామిని యాప్ పెట్టుకుంటే చుట్టుపక్కల ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది. రాత్రి షాపు మూసేటప్పుడు తీసే అలవాటు ఇంకా మేలు. తీసిన నెట్ వైరు పొద్దున్నే మళ్లీ పెట్టమని మాత్రం షాపు కుర్రాడికి గట్టిగా చెప్పండి, లేకపోతే ‘నెట్ రావట్లేదు’ అని నాకు ఇంకో ఉత్తరం రాయాల్సి వస్తుంది.